ఉడకబెట్టిన స్వెటరు

నేను మా అక్క స్వెటరును ఉడకబెట్టాను. ఉతికాననో నానబెట్టాననో చెప్పుకుని కొంత పరువు దక్కించుకోవచ్చు గానీ, జరిగింది అది కాదు. గ్యాసు పొయ్యి మీద, పండగలకు తప్ప అటక దిగని పెద్ద దబరాలో, సబ్బు తురిమి వేసి, చారెడు సోడా జల్లి, గరిటెకు బదులు కర్రతో కలియబెడుతూ, మూత పెట్టి మరీ ఉడకబెట్టాను. ఆవిరి పోకూడదని మూత. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు "తాలింపు పెట్టలేదా?" అని అడుగుతారు. నేను పెట్టలేదు. తాలింపు తర్వాత మా బావ పెట్టాడు.

తెలియక చేసిన పనికి ఎవరైనా అయ్యో అంటారు. నేను తెలిసి చేశాను. అంటే, వేరే విషయం బాగా తెలిసి, దాన్ని పట్టుకొచ్చి దీనికి తగిలించాను. మాది ధర్మవరం. నాయన పట్టు ఉడకబెట్టి రంగులద్దేవాడు. మగ్గాల వాళ్ళు తెచ్చిచ్చే ముడి పట్టు చేతికి ఎండుగడ్డిలా తగులుతుంది. పట్టుపురుగు పూసిన జిగురు దాన్ని అంటుకునే ఉంటుంది. సబ్బూ సోడా వేసి మసలబెడితే ఆ జిగురు కరిగి, దారం మెత్తబడి, మెరుపు తేలుతుంది. మా పెరట్లో పెద్ద రాగి అండాలు, కట్టెల పొయ్యి, కర్రలకు వేలాడే పట్టు చిలపలు, అంటే దారపు చుట్టలు. ఆ కర్రలు తిప్పుతూ నాయన "జిగురు పోనియ్యబ్బా, మెరుపు దానంతట అదే వస్తాది" అనేవాడు. ఆ ఆవిరిలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి, గరుకుగా ఉన్న ఏ దారం కనబడినా నా చెయ్యి అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంది. డిగ్రీ చదివాను. హిందూపురంలో ఆఫీసు ఉద్యోగం చేస్తున్నాను. రోజూ పట్టుగూళ్ళ మార్కెట్టు పక్కనుంచే నడిచిపోతాను. అయినా పురుగు వేరు, గొర్రె వేరు అనే సంగతి నా తలకెక్కలేదు.

మగవాడి చేతికి ఊలు సూదులు ఎట్లా వచ్చాయంటే, అవీ అక్క ఇచ్చినవే. తను బడిలో ఒక టీచరమ్మ దగ్గర అల్లిక నేర్చుకుని వచ్చిన రోజుల్లో, నేను పెరట్లో అండాల చుట్టూ తిరిగి ఎక్కడ ఒళ్ళు కాల్చుకుంటానో అని అక్కకు భయం. ఒకచోట కుదురుగా కూర్చోబెట్టడానికి మిగిలిపోయిన ఊలూ, రెండు సూదులూ నా చేతిలో పెట్టింది. అప్పుడు కూర్చున్నవాణ్ణి ఇంకా కూర్చునే ఉన్నాను. ఇద్దరం ఒకే అరుగు మీద ఒకే పాఠం నేర్చుకున్నాం. ఆమెకు ముగించడం వచ్చింది. నాకు మొదలుపెట్టడం వచ్చింది.

మొదలుపెట్టడంలో ఉన్న రుచి ముగించేవాళ్ళకు తెలియదు. కొత్త ఊలు ఉండ, దాని మీది కాగితం పట్టీ ఇంకా చిరగలేదు. సూది మీదికి తొలి వరస ఎక్కుతుంటుంది. ఆ క్షణంలో అది లోకంలోకెల్లా అందమైన స్వెటరు. చంక దగ్గరికి వచ్చేసరికి అది నేను అల్లిన స్వెటరు అయిపోతుంది. అప్పుడు దాన్ని సంచిలో పెట్టి ఇంకోటి ఎత్తుకుంటాను. మా ఇంట్లో మంచం కింద సంచులు, బీరువా మీద సంచులు, తలుపు వెనక కొక్కేనికి సంచులు. ఒకదానిలో మఫ్లరు తల, ఒకదానిలో మేజోడు మడమ, ఒకదానిలో ఏదో ఒక దానికి సగం భుజం. "ఇంట్లో అడుగుపెడితే చాలు, ఏదో ఒక సంచి కాలికి తగులుతుంది, మీరు మాత్రం తగలరు" అంటుంది మా ఆవిడ. ఆమె మాట నిజమే. చెట్టుకు మొదలుంటే చాలనుకునే మనిషిని నేను. నా తోటంతా మొదళ్ళే, కొమ్మ ఒక్కటీ లేదు.

అక్కను పెనుకొండలో ఇచ్చారు. బావ మంచివాడే. మంచితనమంతా నోట్లో పెట్టుకుని తిరుగుతాడు, అంతే. ఆయన నన్ను బామ్మర్దీ అని పిలవడు. రైలు దిగి నేను వాకిట్లో కాలు పెట్టగానే లోపలికి కేకేస్తాడు.

"ఏమ్మే, అల్లుడొచ్చినాడు చూడు!"

మొదటిసారి విన్నప్పుడు పక్కింటాయన ఆశ్చర్యపోయాడు. "ఏమప్పా, నీకు ఆడపిల్లలు లేరు కదా, అల్లుడు యాడనుంచి వచ్చినాడు?"

"అల్లేవాణ్ణి అల్లుడనక ఏమంటారప్పా?" అన్నాడు బావ. ఆ పేరు అట్లాగే స్థిరపడింది. ఇప్పుడు ఆ వీధిలో చిన్నపిల్లలు కూడా నన్ను అల్లుడుగారూ అంటారు. ఆ మర్యాద వెనక ఊలు ఉందని వాళ్ళకు తెలియదు.

అక్క రొద్దం దగ్గర ఒక పల్లెలో టీచరు. పొద్దున మొదటి బస్సుకు పోతుంది. చలికాలంలో ఆ బస్సు ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది, కిటికీ అద్దాలు ఒకవైపు మూస్తే ఇంకోవైపు జారతాయి, కొండ మీద నుంచి వచ్చే గాలి నేరుగా ఎముకల్లోకి దిగుతుంది. ఇంటిల్లిపాదికీ స్వెటర్లు అల్లిన మనిషి, తను మాత్రం చీర కొంగు కప్పుకుని పోయేది. ఆ పల్లెలో గొర్రెలు మేపే ఇంటి ముసలమ్మ ఒకామె కంబళ్ళ కోసం కదురు మీద ఊలు వడికేది. ఆమె దగ్గర నల్ల ఊలు తీసుకుని అక్క తనకోసం ఒక స్వెటరు మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగాక తనకోసం అల్లుకోవడం అదే మొదలు.

వెనక భాగం అయింది. ముందు భాగం అయింది. రొమ్ము దగ్గర అడ్డంగా చిన్న చిన్న ఆకుల వరస, ఒక ఆకు కొస ఇంకో ఆకు కాడను తాకుతూ, అంత మొరటు ఊలులో అంత సన్నని పని. ఒక చెయ్యి కూడా అయింది. రెండో చెయ్యికి వచ్చేసరికి అక్క చేతులు పోయాయి. వేళ్ళ కీళ్ళు వాచి, వంగకుండా అయ్యాయి. డాక్టరు చెప్పిన మందు వేసుకుంటూ కొన్నాళ్ళు చూసింది. వానలు తగ్గిన రోజుల్లో నేను పోయినప్పుడు ఆ స్వెటరును ఒక పాత తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"సుద్దముక్క పట్టుకుంటాండా గానీ సూది పట్టుకోలేకుండా ఉండానురా. ఒక్క చెయ్యే కదా, నువ్వు ఎయ్యి."

"వేస్తానులే అక్కా. వారం కూడా పట్టదు."

"ఏ వారమో చెప్పమను" అన్నాడు బావ, పేపరు మీదనుంచి తల ఎత్తకుండా.

అక్క నవ్వలేదు. "ఇది నాకోసం పెట్టుకున్నదిరా. నీ సంచుల్లో కలిపేయొద్దు" అంది.

కలపలేదు. దానికి వేరే సంచి కొన్నాను. కొన్నాక కొత్త సంచి చూసి కొత్త ఉత్సాహం వచ్చి, ఆఫీసులో ఒకాయనకు కూతురు పుట్టిందంటే ఆ పాపకు మేజోళ్ళు మొదలుపెట్టాను. అవి పూర్తికాకముందే ఆ పాప నడిచింది, చెప్పులేసుకుంది. తర్వాత ఒక దుప్పటి, రంగురంగుల చదరాలతో. తర్వాత దుప్పటి చదరం ఒకటి బాగా కుదిరిందని, అదే నమూనాతో దిండు గలీబు. నల్ల స్వెటరు తలుపు వెనక కొక్కేనికి ఉంది. తలుపు తీసిన ప్రతిసారీ అది ఊగేది, తలుపు వేసి బయటికొస్తే కనబడేది కాదు. నేను తలుపు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. అక్క రెండో చెయ్యి నేను వెయ్యాలి. నేను చెయ్యి వెయ్యలేదు, చెయ్యిచ్చాను.

ఆ చలికాలం అక్క మళ్ళీ కొంగే కప్పుకుంది. ఫోను చేసినప్పుడు అడిగేది కాదు. నేనే నసిగేవాణ్ణి. "ఆఫీసులో పని ఎక్కువుండాదక్కా…" శివరాత్రి దాటాక ఒకరోజు ఆమే అంది, "తొందరేం లేదులేరా, చలి పోయె." ఆ మాటలో కోపం ఉంటే బాగుండేదనిపించింది. కోపమైతే నా దగ్గర దానికి జవాబు ఉంది.

తర్వాతి దీపావళికి ముందు, ఎట్లాగో సిగ్గు తెచ్చుకుని, ఆ చెయ్యి అల్లేశాను. కూర్చుంటే ఒక ఆదివారం, ఇంకో ఆదివారంలో సగం పట్టింది. ఏడాది పైగా ఆడించింది ఇంత చిన్న పనినా! భుజాలు కుట్టాను, పక్కలు కుట్టాను, గుండీలు పెట్టాను. పూర్తయిన వస్తువు చేతిలో ఉండడం నాకు అలవాటు లేని సంగతి. ఏం చెయ్యాలో తోచలేదు. తొడిగి చూశాను. మెడ దగ్గర గుచ్చుకుంది. మొరటు ఊలు కదా, గొర్రె ఇంకా లోపలే ఉన్నట్టుంది. ఇంత ఆలస్యం చేసి, ఇట్లా గుచ్చుకునేది ఇవ్వడమా అనిపించింది. మెత్తగా, పట్టులాగా చేసి ఇస్తే, ఆలస్యానికి వడ్డీ కట్టినట్టు ఉంటుంది కదా. అప్పుడు నాయన గుర్తొచ్చాడు. అండాలు గుర్తొచ్చాయి. జిగురు గుర్తొచ్చింది.

ఒకవిధంగా చూస్తే ఆ స్వెటరు పూర్తయింది. నేను ఇంకో పని మొదలుపెట్టకుండా ఉండలేకపోయాను.

నీళ్ళు మసిలాయి. స్వెటరు వేశాను. వాసన లేచింది, వానలో తడిసిన గొర్రెల మందను మా వంటింట్లోకి తోలుకొచ్చినట్టు. నాకు అది మంచి శకునంగా తోచింది, జిగురు వదులుతోందని. నాయన తిప్పినట్టే కర్రతో ఎత్తి ముంచి, ఎత్తి ముంచి, బాగా తిప్పాను. మా ఆవిడ పక్కింటినుంచి ముక్కు మూసుకుని వచ్చింది.

"ఏమి వండతాండారు?"

"మెత్తబడాల్నని…"

"మెత్తబడేది అదా, మీ తలనా?"

మూత తీసి కర్రతో పైకి ఎత్తేసరికి కర్ర తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా రాకూడదు. ఒక మనిషి స్వెటరు నీళ్ళు పీలిస్తే బరువుండాలి. బయటికి వచ్చింది ఏ నాలుగేళ్ళ పిల్లకో సరిపోయే నల్లటి ముద్ద. చన్నీళ్ళలో వేసి లాగాను. సాగలేదు. పక్కలు పట్టి లాగాను, పైకి పట్టి లాగాను. తివాచీ ముక్కలాగా దళసరిగా, బిగుసుకుని ఉంది. నేల మీద పెడితే నిలబడింది. నా చేతి పనుల్లో సొంతంగా నిలబడిన వస్తువు అదొక్కటే.

మా ఆవిడ దబరా తోమడానికి తీసుకుపోయింది. ఎంత తోమినా ఆ వాసన పోలేదట. ఆ ఏడు దీపావళికి చక్రపొంగలి చిన్న గిన్నెలోనే చేసుకున్నాం.

దాచేయాలనుకున్నాను. తలుపు ఉంది, కొక్కెం ఉంది. కానీ ఇప్పుడు చలి మొదలైంది, అక్క పొద్దున బస్సు ఎక్కుతోంది. ఆదివారం రైలెక్కి పెనుకొండ పోయాను. ఒళ్ళో సంచి. ఎప్పుడూ రైల్లో అల్లుకుంటూ పోయేవాణ్ణి, ఆరోజు చేతులు ఊరికే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నామె "సంచిలో ఏముండాదన్నా, అట్ల పట్టుకుండావు?" అని అడిగింది. "స్వెటరు" అన్నాను. "పాపకా?" అంది. సంచి ఆకారం చూసి అడిగి ఉంటుంది. తల ఊపాను.

అక్క దాన్ని తీసుకుని ఒళ్ళో పరిచింది. పరచడానికి అది ఒప్పుకోలేదు. నేను గబగబా చెప్పుకుపోయాను, గుచ్చుకుంటుందనీ, నాయన లాగా చేద్దామనీ, జిగురు అనీ. అక్క వినిందో లేదో. వాచిన వేలితో రొమ్ము దగ్గర తడుముతోంది. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు.

"నా ఆకులు యాడరా?"

లేవు. వెంట్రుకలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, వరస ఏదో కుట్టు ఏదో తెలియకుండా కలిసిపోయాయి. ఎక్కడైనా ఒక కొస దొరికితే ఊడదీసి మళ్ళీ అల్లవచ్చు. అల్లికలో ఉన్న గొప్ప దయ అదే, ఎంత తప్పు చేసినా లాగితే మళ్ళీ దారమవుతుంది. దీనికి కొస లేదు.

అప్పుడు తెలిసింది నాకు, నిజంగా అప్పుడే. అవి అక్క చేత్తో అల్లిన చివరి కుట్లు. నేను పాడుచేసింది స్వెటరు ఒక్కటే కాదు. స్వెటరు ఇంకోటి వస్తుంది. ఆ చెయ్యి ఇంక అల్లదు.

"పోనీలేరా" అంది. "నాయన గుర్తొచ్చినాడు కదా, పోనీ." మడిచి, బీరువాలో పెట్టింది. మడత పడలేదు, అట్లాగే పెట్టింది.

బావకు మాత్రం పండగే పండగ. ఆ సాయంత్రానికి బస్టాండు దగ్గర టీ కొట్టులో నా కథ మసిలింది. "మా బామ్మర్ది స్వెటరు వండినాడప్పా! ఉప్పు సరిపోయిందో లేదో చూడమని మా ఇంటికి తెచ్చినాడు!" ధర్మవరంలో పెళ్ళికి పోతే అక్కడికీ చేరింది. నాయనతో పని చేసిన పెద్దాయన ఒకాయన నా భుజం తట్టి, "మీ నాయన ఇన్ని చీరల పట్టు ఉడకబెట్టినాడు, ఒక్కటీ కుంచించుకపోలేదే" అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా కుంచించుకుపోతాను.

కొన్నాళ్ళకు ఫోనులో ఒక వీడియో కనబడింది. ఎక్కడో చలిదేశం ఆమె, పెద్ద గోనెసంచి అంత అల్లి, వేడినీళ్ళలో సబ్బుతో పిసికి, ముచ్చటైన చేతిసంచి చేసి చూపిస్తోంది. దాన్ని ఫెల్టింగు అంటారట. గొర్రె వెంట్రుకకు కంటికి కనబడని పొలుసులుంటాయట, వేడికి విచ్చుకుని, తిప్పేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయట, ఇక వదలవట. నేను చేసిన నేరానికి ఒక పేరుందనీ, కొన్నిచోట్ల దాన్ని కళ అంటారనీ తెలిసి ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. మా ఆవిడను పిలిచి చూపించాను. "చూడు, వీళ్ళు కావాలని చేస్తారు!"

"వాళ్ళు కావాలని చేస్తారు" అంది ఆమె. అదే మాట. నేను అన్నప్పుడు ఉన్న అర్థం ఆమె అన్నప్పుడు లేదు.

ఇంకేముంది, మొదలుపెట్టాను. హిందూపురం బజారులో ఎర్ర ఊలు కొని, పక్కింటి పిల్లలిద్దరూ దూరేంత సంచి అల్లాను. అక్కకు బడికి పుస్తకాలు తీసుకుపోవడానికి పనికొస్తుందని. ఉడకబెట్టాను. తీసి చూస్తే పిల్లలిద్దరూ ఇంకా దూరేంతే ఉంది. పైగా మునుపటికన్నా నీరసంగా, తడిసిన పాత గుడ్డలాగా వేలాడింది. మళ్ళీ ఉడకబెట్టాను. తగ్గాల్సిన సంచి తగ్గలేదు, నా ఉత్సాహం తగ్గింది. ఉండ మీది కాగితం పట్టీ అప్పుడు చదివాను. అది గొర్రె ముఖం చూసిన ఊలు కాదు, మిల్లులో చేసింది. తగ్గకూడనిది ఒక్క ఉడుకుకు తగ్గిపోయింది, తగ్గమని బతిమాలినది తగ్గలేదు.

ఆ తర్వాత అసలు ఊలే తెప్పించి, ఫెల్టు చెప్పులు మొదలుపెట్టాను. కుడికాలు చెప్పు కుదిరింది. ఎడమకాలుది సూది మీదే ఉంది. కళ్ళద్దాల సంచి ఒకటి, టీ కెటిలుకు తొడుగు ఒకటి. మా ఇంట్లో కెటిలు లేదు. అదివరకు నా సంచుల్లో అల్లడం మొదలుపెట్టినవే ఉండేవి, ఇప్పుడు ఉడకబెట్టడం మొదలుపెట్టినవీ చేరాయి. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. ఒక మంచి ఫెల్టు వస్తువు చేసి చూపిస్తే, ఆరోజు నేను చేసింది తప్పు కాదు, తొందరపాటు అని తేలుతుందని లోపల్లోపల ఆశ. అక్కతో తప్పయిందక్కా అని ఒక్క మాట అనడానికి బదులు అన్ని సంచులు. ఆ మాట కూడా నేను మొదలుపెట్టి వదిలేసిందే. ఫోనులో "అక్కా, ఆ స్వెటరు…" అని మొదలుపెట్టేవాణ్ణి. "ఇప్పుడేం అల్లుతాండావురా?" అని ఆమె మాట మార్చేది.

పోయిన దసరా సెలవుల్లో పెనుకొండ పోయాను. ఈసారి ఆ ముసలమ్మ దగ్గర మళ్ళీ ఊలు అడిగించి, మొదటినుంచీ నేనే అల్లిపెట్టాలని పోయాను. అక్క తల అడ్డంగా ఊపింది. "ఆయమ్మకు కళ్ళు కనపళ్ళేదురా. కదురు పక్కన పెట్టేసినాది. కొడుకులు గొర్లు అమ్ముకున్యారు." అంతే. రాత్రికి కప్పుకోవడానికి దుప్పటి తీసుకోమంటే బీరువా తెరిచాను.

నల్ల ముద్ద పై అరలోనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. రొమ్ము దగ్గర, ఆకులుండిన చోట, వెంట్రుకలు రేగి ఉన్నాయి. పిన్నీసుతో గిల్లిన గుర్తులు. ఒక్కచోట కాదు, ఆ వరస పొడుగునా. ఒక ఆకైనా బయటికి వస్తుందేమో అని, ఎప్పుడో, ఎవరూ ఇంట్లో లేనప్పుడు, ఆ వంగని వేళ్ళతో ప్రయత్నం చేసి ఉంటుంది.

"తప్పయిపోయిందక్కా" అన్నాను. ఏడాది ఆలస్యంగా. ఈ మాటకైనా ముగింపు ఉండాలని, "నేను పాడు చేసినా" అని కూడా అన్నాను.

అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టబోయి, ఆ అర అడుగునుంచి ఇంకేదో లాగింది. బూడిదరంగు స్వెటరు. కలరా ఉండల వాసన.

"ఇది చూడు" అంది. "పెండ్లయిన ఏడు మీ బావకు అల్లినా. నా మొదటి జీతంలో బెంగుళూరు నుంచి తెప్పించిన ఊలు. ఒక్కసారి తొడిగినాడు. ఈపంతా జిల పుడతాదని ఇడిసినాడు. ఆ మళ్ళా యాడుందని కూడా అడగల్యా."

చెయ్యి పెట్టి చూశాను. మెత్తగా ఉంది. అంత మెత్తటి ఊలుకు జిల పుట్టిందంటే ఆ వీపుది తప్పు. ఇప్పుడు ఆ పొట్టకు అది ఎట్లాగూ పట్టదు.

ఇద్దరం దాని వైపు చూస్తూ ఉన్నాం. ఎవరు ముందు అనుకున్నామో తెలియదు గానీ, పైకి అన్నది అక్కే.

"ఇప్పేద్దామారా?"

"నువ్వు అల్లింది కదక్కా."

"నేనల్లిందే. నేనే ఇప్పుతా."

మెడ దగ్గర కొస వెతికి, ముడి కత్తిరించి, ఆమె లాగింది. అల్లడానికి వంగని వేళ్ళు లాగడానికి బాగానే పనికొచ్చాయి. బర్రుమని వరస వెంబడి వరస ఊడుతుంటే, నేను కుర్చీ వీపుకు దారం చుట్టుతున్నాను. పడుచు వయసులో అక్క అల్లిన కుట్లు. ఎంత సమానంగా ఉన్నాయో, ఒక్కటి బిగువు లేదు, ఒక్కటి వదులు లేదు. ఒకటి ఉడకబెట్టి పోగొట్టాను, రెండోది ఊడదీసి పోగొడుతున్నాను. ఆమె చేతి పని ఈ లోకంలో తగ్గించడానికే నేను పుట్టినట్టుంది. ఆ మాటే అంటే, "లాగేటప్పుడు మాట్లాడొద్దు, తెగుతాది" అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఊడదీసిన ఊలు ముడతలు ముడతలుగా ఉంటుంది, తడిపి ఆరేస్తే సాపవుతుంది. బకెట్టు పట్టుకున్నాను. అక్క లేచి వచ్చి వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"చన్నీళ్ళు."

"చన్నీళ్ళేనక్కా."

"పొయ్యి దిక్కు పోవద్దు నువ్వు."

ఆ ఊలుతో అల్లిన స్వెటరు తొడుక్కునే అక్క ఇప్పుడు పొద్దున బస్సెక్కుతోంది. అది పూర్తయ్యేదాకా ఇంకే సంచీ ముట్టలేదు. ఇందులో గొప్పేమీ లేదు, మా ఆవిడ మిగతా సంచులన్నీ ఎక్కడో దాచిపెట్టింది. ఆకుల వరస మాత్రం లేదు. అక్క పక్కన కూర్చుని నోటితో చెప్పింది, ఇక్కడ రెండు కలుపు, ఇక్కడ ఒకటి వదులు అని. నా చేతికి రాలేదు. అల్లాను, ఊడదీశాను, మళ్ళీ అల్లాను. ఆకు బదులు ఏదో పురుగు తిన్న బొక్కలాగా వచ్చింది. సాదాగా ఉన్నా వెచ్చగానే ఉంటాదిలే అంది అక్క. వెచ్చగానే ఉంది. కానీ ఆమె దాన్ని వేసుకుని వాకిట్లో నిలబడినప్పుడల్లా నా కళ్ళు రొమ్ము దగ్గరికి, ఆ వరస ఉండాల్సిన చోటికి పోతాయి.

ఇక బావ సంగతి. దారం ఆరిన మరునాడు, చిలపను ఉండలుగా చుట్టుకోవాలి. చిలప పట్టుకోవడానికి ఎదురుగా ఒకరు చేతులు చాపి కూర్చోవాలి. అక్క చేతులు అంతసేపు ఎత్తి ఉండలేవు. ఆ సమయానికి బావ టీ కొట్టునుంచి పక్కింటాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా అల్లుడూ, మళ్ళా ఏందో మొదలుపెట్టినట్టుండావు?"

"అవును బావా. రెండు చేతులు కావాల."

"స్వెటరుకా?"

"ముందు నీవి."

నవ్వుకుంటూ కుర్చీలో కూర్చుని చేతులు చాపాడు. ఆ బూడిదరంగు చిలప తెచ్చి ఆయన రెండు మణికట్లకూ తగిలించాను. నేను కొస పట్టుకున్నాను, అక్క నా పక్కన కూర్చుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది. బావ పక్కింటాయన వైపు తిరిగాడు.

"నీకు చెప్పినానా, మా బామ్మర్ది స్వెటరు వండిన సంగతి?"

"చెప్పినావులేప్పా, ఎన్నిమార్లో."

"మళ్ళా విను. ఈయప్ప పెద్ద దబరా పొయ్యి మీద పెట్టి, సబ్బు ఏసి…"

ఆ కథలో అసలు ఘట్టమంతా చేతులది. ఇంత స్వెటరు ఇంతైందని, ముందు బార చాపి, తర్వాత రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి చూపిస్తాడు. టీ కొట్టులో నవ్వు పుట్టేది అక్కడే. ఆ చోటికి రాగానే చేతులు ఊపబోయాడు.

"కదిలించొద్దు" అంది అక్క. "చిక్కుపడతాది."

ఆగాడు. "అంటే, ఇంత ఉండేదప్పా…" అని గడ్డంతో చూపించబోయాడు. పక్కింటాయనకు అర్థం కాలేదు. "ఎంత?" అన్నాడు. "ఇంత!" మళ్ళీ చేతులు లేచాయి. "ఏమయ్యా, చెప్తాంటే నీకు కాదూ?" అంది అక్క. బావ చేతులు చాపుకుని, దణ్ణం పెట్టడానికి సగం దాకా వచ్చి ఆగిపోయిన మనిషిలాగా కూర్చున్నాడు. కథ అక్కడే నిలిచిపోయింది. పక్కింటాయన టీ తాగి లేచి వెళ్ళిపోయాడు.

దారం నడుస్తోంది. బావ కాసేపు దాన్నే చూశాడు.

"ఊలు బాగుండాదబ్బా. మెత్తగుండాది. యాడ తెచ్చినావు?"

నేను అక్క వైపు చూశాను. ఆమె ఉండ తిప్పుతూనే, తల ఎత్తకుండా, "ఇంట్లోదే" అంది.

"ఇంట్లో ఇంత మంచి ఊలు పెట్టుకుని నాకు ఒక స్వెటరన్నా అల్లలేదే నువ్వు!" అన్నాడు బావ.

అక్క భుజాలు కదిలాయి. ఆమె అట్లా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నాకూ నవ్వు ఆగడం లేదు గానీ, మర్యాదగా బిగబట్టి, "చేతులు ఇంకొంచెం పైకెత్తు బావా" అన్నాను.